మాటవరసకి

"మేస్త్రీ గారూ, దూది ఏకుడు గదిలో ఊపిరాడట్లేదు" అని రేడియో చెప్పగానే మేస్త్రీ చేతిలో టీ ఒలికేంతగా నవ్వాడు.

"నీ ఒక్కదానికేనా? ఆ హాస్టలు ఆర్డరు నెత్తిన పడ్డప్పటి నుంచి నాకు మాత్రం ఆడి చచ్చిందా? పొద్దున లేచింది మొదలు ఊపిరి సలపట్లేదు. పో పో, మిషను ఖాళీగా తిరుగుతోంది."

అతను నవ్వడంలో వింతేమీ లేదు. వరండాలో కూర్చుని పరుపులు కుడుతున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ పరుపుల కార్ఖానాలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొద్దున గేటు దగ్గర తెరిచిన నోరు సాయంత్రం చెప్పులు తొడుక్కునేదాకా మూయదు కాబట్టి రేడియో అనేవారు, ఆమె పలికేది. పైగా ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం ఆమెకు చేతకాదు. ఆకలేస్తే కడుపులో ఎలుకలు పరుగెడతాయి. ఎండలో నడిచొస్తే మాడి మసైపోతుంది. అత్త కాస్త గట్టిగా పిలిస్తే ప్రాణాలు తోడేస్తోందంటుంది. నవ్వొస్తే చాలు, "చచ్చిపోయాను బాబోయ్" అని పొట్ట పట్టుకుంటుంది. రోజుకు పదిసార్లు చచ్చి, మళ్లీ లేచి టీ తాగే మనిషి ఊపిరాడట్లేదంటే ఎవరు కంగారు పడతారు?

మేస్త్రీ మాటకు జవాబు అప్పటికే ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. 'మీకు ఊపిరాడకపోవడమేంటి మేస్త్రీ గారూ, ఇక్కడి గాలంతా మీ పొట్టలోనే ఉందిగా' అనాలి. అని ఉంటే వరండా అంతా గొల్లుమనేది. కానీ ఆ మాట పొడవుగా ఉంది. 'మీకు' అన్నాక మిగతాది లాక్కురావడానికి లోపల గాలి లేదు. గాల్లో ఒక చెయ్యి విసిరి, ఏకుడు గదివైపు నడిచింది.

"చూశారా, జవాబు లేదు!" అన్నాడు మేస్త్రీ వెనకనుంచి. ఆమెను మాటల్లో గెలవడం అతనికి అదే మొదటిసారి. సంతోషంగా ఇంకో టీ తెప్పించుకున్నాడు.

ఏకుడు గది గుమ్మానికి రెండు పొరల గోనెపట్టాలు వేలాడుతుంటాయి. దూది బయటికి ఎగిరిపోకుండా వాటిని తడిపి ఉంచుతారు. కిటికీలకు రేకులు కొట్టేసింది కూడా అందుకే. లోపల మిషను. ఉండలు కట్టిన దూదిని చేతినిండా తీసి దాని మూతిలో పెడితే, ఇనుప పళ్ల రూళ్లు చీల్చి చెండాడి అవతలివైపు పొగలా వదులుతాయి. కొత్త దూదయితే అంత బాధ లేదు. హాస్టలు ఆర్డరు ఒప్పుకున్నాక యజమాని ఎక్కడెక్కడి పాత పరుపులో తెప్పించి విప్పించాడు. కొత్త గుడ్డ తొడిగితే లోపలేముందో పడుకునేవాడికేం తెలుస్తుంది? ఎవరెవరో ఏళ్ల తరబడి దొర్లిన దూది అది. చెమట, మందుల వాసన, పసిపిల్లల ఉచ్చ, నలిగి నలిగి పిండైన దుమ్ము అందులోంచి లేచి ట్యూబులైటు చుట్టూ మంచులా కమ్ముకుంటాయి. కనురెప్పలు తెల్లబడతాయి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మధ్యాహ్నానికి అట్టలా బిర్రబిగుస్తుంది.

సెలవు మర్నాడు మరీ ఘోరం. ఒకరోజు ఇంట్లో ఉండి తేరుకున్న ఛాతీ, ఆ గదిలో అడుగు పెట్టగానే ఎవరో తాడు చుట్టి బిగించినట్టవుతుంది. తర్వాతి రోజుల్లో ఆ తాడు కాస్త సడలుతుంది, అంతే. ఆ సంగతీ మేస్త్రీకి చెప్పి చూసింది.

"సెలవు మర్నాడే వచ్చే జబ్బా? అది మావాడికీ ఉంది. బడికెళ్లాల్సిన పొద్దున్నే కడుపునొప్పి" అన్నాడు.

మాట మార్చి చూసింది. "గుండెల మీద రోకలి పెట్టినట్టుంది" అంది ఒకరోజు. "ఎవరు పెట్టారు, మీ అత్తేనా?" అంది వరండా. "గాలి లోపలికి దిగట్లేదే" అంది ఇంకోరోజు. "గేటు దగ్గర బోలెడుంది, మూటకట్టి పంపించమా?" అన్నారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఆ నవ్వు వాళ్లకు నేర్పింది తనే. తను ఏ మాటన్నా అది వేషం కట్టుకుని వచ్చిందనే అనుకుంటున్నారని ఆమెకు మెల్లగా అర్థమైంది. ఉన్నవాటిలో వేషం లేని మాట 'ఊపిరాడట్లేదు' అన్నదే. దాన్ని కూడా తనే ఇన్నేళ్లూ వాడి వాడి అరగదీసింది.

ఇంటికి మూడంతస్తులు ఎక్కాలి. మలుపు మలుపుకీ వంగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నిలబడింది. ఆ చెప్పుకు సరిచేసుకోవలసిన పట్టీ ఏదీ లేదు. కాలికి దూర్చుకునే రబ్బరు చెప్పు. పైనుంచి దిగుతున్న వాళ్లెవరూ అది గమనించలేదు.

మొగుడు సరుకుల ఆటో కింద పెట్టి వచ్చి, బనీను మీద గుమ్మంలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. "ఇవాళ రోడ్ల మీద ఊపిరాడలేదనుకో. ఎటు చూసినా బండ్లే. హారను కొట్టి కొట్టి బొటనవేలు వాచింది" అన్నాడు.

లోపల మంచం మీదనుంచి అత్త అందుకుంది. "ఆ గుమ్మంలోంచి లేరా ముందు. కొండలా అడ్డం కూర్చుంటే నాకు ఊపిరాడొద్దూ?"

ఆ ఇంట్లో ఆ మాట మీద అందరికీ హక్కుంది. రేడియో గోడకు చేరగిలబడి, వాళ్లిద్దరిదీ అయ్యేదాకా ఆగి, అన్నం వడ్డిస్తూ మొగుడితో అంది. "నాకు ఊపిరాడట్లేదయ్యా. నిజంగా."

అతను చెయ్యి కడుక్కోబోతున్నవాడల్లా ఆగి ఆమెవైపు చూశాడు. మంచివాడు. ఆమె మాటలకు విసుక్కున్నా, ఆమెను ఏనాడూ కసిరికొట్టలేదు.

"ఎవరికాడుతుంది చెప్పు, ఈ అగ్గిపెట్టెలో? అమ్మ, నువ్వు, నేను, మధ్యలో పొయ్యి. నాకు తెలీదనుకున్నావా నీ బాధ? ఈ ఏడు గడవనీ. రెండు గదుల ఇల్లు చూస్తా. వరండా ఉన్నది. సరేనా?"

అడిగింది ఒకటి, అతను అంత దయగా జవాబిచ్చింది మరోదానికి. కాదని విడమరిచి చెప్పాలంటే చాలా మాటలు కావాలి. "సరే" అంది. అతను ఆమె పళ్లెంలోకి తన వాటాలోంచి కొంచెం తోసి, తృప్తిగా తినడం మొదలుపెట్టాడు.

వీధి చివర మందుల షాపతను ఒక దగ్గుమందు ఇచ్చాడు. తియ్యగా ఉంది. అంతకన్నా దాని గురించి చెప్పుకోవలసిందేమీ లేదు.

అప్పటినుంచి ఆమె మాటల్ని పొదుపు చెయ్యడం మొదలుపెట్టింది. పొదుపని ఆమె అనుకోలేదు. ఒక పెద్ద మాట ఎత్తుకుని మధ్యలో ఆగిపోయి, నోరు తెరుచుకుని నిలబడటం సిగ్గనిపించింది. అందుకని ఎత్తుకోవడమే మానేసింది. ఆఁ, ఊఁ, సరే, అలాగే. తలూపితే సరిపోయేచోట తలూపింది. అత్త తన చిన్నప్పటి కథ వందోసారి మొదలుపెడితే, ఎప్పటిలా మధ్యలో దూరి ముగింపు చెప్పెయ్యకుండా చివరిదాకా కూర్చుంది. అత్తకు కళ్లనీళ్లొచ్చాయి.

"ఇన్నాళ్లకు మనింటికి కోడలొచ్చిందిరా" అంది కొడుకుతో.

"అవును, ఈమధ్య బంగారంలా ఉంది" అన్నాడతను. ఆ సాయంత్రం ఆమెకొక జత చెప్పులు కొనుక్కొచ్చాడు, పట్టీ ఉన్నవి.

కార్ఖానాలో మొదట వెతుక్కున్నారు. "రేడియోకి బ్యాటరీ అయిపోయిందర్రా" అంది ఒకామె. "స్టేషను తగలట్లేదు, చెవి మెలిపెట్టండి" అంది మరొకామె. అలా కొన్నాళ్లు అన్నారు. తర్వాత అలవాటుపడ్డారు. ఆమె మాటల కోసం ఆగే దబ్బనాలు ఇప్పుడు ఆగడం లేదు. సాయంత్రానికి గోడవారన లేచే పరుపుల దొంతర ఇంకాస్త ఎత్తు లేస్తోంది. మేస్త్రీ ఆ దొంతర చూశాడు, ఏకుడు గది గుమ్మం చూశాడు. వెళ్లి యజమానితో ఏదో చెప్పాడు.

యజమాని ఏకుడు గది దాకా వచ్చిన రోజులు తక్కువ. ఆ రోజు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గోనెపట్టాకు ఇవతలే నిలబడి, ఆమెను బయటికి పిలిపించాడు. వరండా మొత్తాన్ని నిలబెట్టాడు.

"చూడండమ్మా. ఈమె ఎలా ఉండేదో మీకందరికీ తెలుసు. ఇప్పుడెలా ఉందో చూస్తున్నారు. నోరు కట్టేసుకుని పనిచేస్తే పనెలా సాగుతుందో ఈమెను చూసి నేర్చుకోండి. ఇవాళ్టి నుంచి ఏకుడు గదికి ఈమే పెద్ద. మిషను ఈమె చేతికింద. ఇంకో మనిషిని కూడా ఇస్తున్నాను. మేస్త్రీ, స్విచ్చిబోర్డు పక్కన ఈమెకొక స్టూలు వేయించు."

అందరూ చప్పట్లు కొట్టారు. రేడియో నెత్తిన, భుజాల మీద, కనుబొమల్లో దూది. అప్పుడే మంచులోంచి నడిచొచ్చినట్టు నిలబడింది.

"ఏమ్మా, రెండు ముక్కలు మాట్లాడు."

ఇంతకన్నా మంచి సమయం దొరకదని ఆమెకు తెలుసు. గేటు పక్కన గాలి తగిలే ఈ వరండాలో, ఏ మూలో ఒక దబ్బనమిచ్చి కూర్చోబెట్టమని అడగాలి. పెద్దరికం వద్దు, స్టూలు వద్దు. గాలి పీల్చుకుని మొదలుపెట్టింది.

"నన్ను... ఇక్కడ... వరం..." గొంతు కీచుమంది. మళ్లీ పీల్చింది. ఛాతీ పైకి లేచింది గానీ లోపలికేమీ పోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలు చాలు" అన్నాడు యజమాని. అతని మొహం మెత్తబడింది. "ఆనందం పట్టలేక గొంతు పూడుకుపోయింది పాపం. వరం అంటోంది చూడండి. వరమేంటమ్మా, నీ కష్టానికి ఫలితం."

వరండాలో ఇద్దరు ముగ్గురు కళ్లొత్తుకున్నారు కూడా.

ఇచ్చిన ఇంకో మనిషి మర్నాడు వచ్చింది. అందరూ కొత్తామె అన్నారు. నలభైకి అటూ ఇటూ ఉంటుంది. అంతకుముందు ఏదో హోటల్లో అంట్లు తోమేది. ఆ హోటలు మూసేశారు. మొగుడు కట్టుబడి పనిలో పరంజా మీదనుంచి పడి ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఈ సంగతులు ఎవరూ అడక్కుండానే గేటు దగ్గరే చెప్పేసింది, చెప్పకపోతే పనిలో పెట్టుకోరేమోనన్నట్టు.

రేడియో ఆమెకు పని నేర్పింది. నేర్పిందంటే చేసి చూపించింది. దూదిని వేళ్లతో కాదు, అరచేత్తో తొయ్యాలి. మిషను మూతి దగ్గర మణికట్టు వంగకూడదు. రూలుకు దూది చుట్టుకుంటే ముందు స్విచ్చి, తర్వాతే చెయ్యి. గుడ్డ పొడిగా కట్టుకుంటే ఆగదు, తడిపి పిండి, రెండు మడతలు వేసి, ముడి చెవుల మీదుగా కాదు, మెడ వెనక. కొత్తామె చిన్నపిల్లలా కళ్లార్పకుండా చూసి, చూసిందల్లా వెంటనే చేసేది. "ఇలాగేనా అక్కా? సరిగ్గానే ఉందా?" అని తన కంటే చిన్నదాన్ని అక్కా అని పిలిచేది. రేడియో తలూపేది.

రెండో రోజుకే ఆమెకు దగ్గు పట్టుకుంది. మూడో రోజు ఒళ్లు వెచ్చబడింది. "ఏం లేదక్కా, నీళ్లు మారాయి" అంది. ఆ మధ్యాహ్నం పాత దూది మూట ఒకటి విప్పేసరికి గదిలో ఎదుటి మనిషి కనపడనంత దుమ్ము లేచింది. కొత్తామె చేతిలో దూది మిషను మూతి దాకా వచ్చి ఆగిపోయింది. మరో చెయ్యి మిషను మీద ఆనించి వంగింది.

"అక్కా. ఊపిరాడట్లేదు."

స్టూలు మీద కూర్చున్న రేడియోకు ముందుగా నోటికొచ్చింది ఒకే ఒక మాట. 'ఎవరికాడుతోందమ్మా?' ఎంత చిన్న మాట అది. ఒక్క గుక్కలో అనెయ్యొచ్చు. పెదవుల దాకా వచ్చింది కూడా. మేస్త్రీ అన్నదీ, ఇంట్లో మొగుడు అన్నదీ, రేపు యజమాని అనబోయేదీ అదే. ఆ స్టూలు మీద కూర్చుంటే ఎవరికైనా అదే వస్తుందేమో.

కొత్తామె మెడ దగ్గర, ఎముకల మధ్య, చర్మం గుంటలు పడి లోపలికి పోతోంది. మళ్లీ పైకొస్తోంది. పెదవుల చుట్టూ రంగు మారింది. రేడియో ఆ గుంటల్ని అద్దంలో రోజూ చూసుకుంటోంది.

లేచి స్విచ్చి దించేసింది.

ఆ మిషను పనివేళల్లో ఆగడం అరుదు. దాని రొద ఎంత అలవాటంటే, ఆగినప్పుడే వినపడింది అందరికీ. వరండాలో దబ్బనాలు ఆగాయి. మేస్త్రీ గోనెపట్టా తోసుకుని లోపలికొచ్చాడు.

"ఏమైంది? ఏం విరిగింది?"

"ఊపిరాడట్లేదు" అంది రేడియో.

"దేనికి? మోటారుకా?"

"మనిషికి."

అర్థమయ్యాక మేస్త్రీ మొహం ఎర్రబడింది. "పొద్దుటికి పరుపులు బండెక్కాలి. నీకు వేళాకోళంగా ఉందా? పెద్దరికమిచ్చింది ఇందుకా? ముందు ఆ స్విచ్చి వెయ్యి!"

మాట్లాడే ఓపికే ఉంటే ఆమె అక్కడ అతన్ని మాటలతోనే నిలువునా పాతేసేది. కొత్తామె చంక కింద చెయ్యేసి, గోనెపట్టాలు దాటించి, కుళాయి దగ్గరికి నడిపించుకుపోయింది. ఇద్దరూ అక్కడ తడినేల మీద కూర్చున్నారు. మేస్త్రీ తనే స్విచ్చి వేశాడు. మిషను తిరిగింది. దాని మూతిలో దూది పెట్టేవాళ్లు కావాలిగా. వరండావైపు తిరిగి ఇద్దర్ని రమ్మన్నాడు. ఒకామెకు మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి. ఇంకొకామె గోనెపట్టా దాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి, "అబ్బో" అని వెనక్కొచ్చేసింది. మిషను ఖాళీగా కాసేపు పళ్లు కొరికి, మళ్లీ ఆగింది.

మర్నాడు పొద్దున బండి సగం ఖాళీగానే వెళ్లింది.

బండి వెళ్లగానే యజమాని ఇద్దర్నీ తన గదిలోకి పిలిపించాడు. మేస్త్రీ తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ గదిలో పైన ఫ్యాను, కిందొక బల్లఫ్యాను, రెండు కిటికీలు తెరిచి ఉన్నాయి. బల్లమీది కాగితాలు ఎగరకుండా రాళ్లు పెట్టారు. రేడియో దారిపొడవునా రెండు వాక్యాలు కూర్చుకుంటూ వచ్చింది. ఎక్కడ విరవాలో, ఎక్కడ గాలి పీల్చుకోవాలో కూడా అనుకుంది. మొదటి ముక్క: 'పాత దూదితో దుమ్ము ఎక్కువైంది సార్.' రెండోది: 'సాక్ష్యం నేనే కాదు, ఈమె కూడా.'

యజమాని ఆమెనేమీ అడగలేదు. కొత్తామె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. నిన్న నీకేమైంది? ఊపిరాడట్లేదన్నావట. అంత కష్టంగా ఉంటే చెప్పు. బలవంతం లేదు. ఈ పనికి గేటు బయట మనుషులున్నారు."

గొంతులో కోపం లేదు. నిజంగానే ఆమె మంచి కోరి అడుగుతున్నట్టుంది. కొత్తామె నేల చూసింది, తలుపు చూసింది, చేతుల్లో గుడ్డ నలిపింది.

"లేదండీ. మాటవరసకన్నానండీ. ఏదో నోటి అలవాటు. అక్కే ఊరికే కంగారుపడింది. పని చెయ్యలేక కాదండీ."

అదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పేసి పెదవులు బిగపట్టింది. భుజాలు రెండూ చెవుల దాకా లేచి, అక్కడే ఆగి, వణికాయి. లోపల దగ్గును అదిమిపెడుతోంది. అది ఆ గదిలో రేడియోకు తప్ప ఎవరికీ కనపడలేదు.

రేడియో కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. ఆ మాటను అలా వాడొచ్చని లోకానికి చాటింది తనేగా.

"ఇంక నువ్వేమంటావు?" అన్నాడు యజమాని.

కూర్చుకొచ్చిన వాక్యాలు పనికిరాకుండా పోయాయి. వాటిలో సాక్ష్యమే లేదిప్పుడు. "నాకూ ఆడట్లేదు సార్" అంది.

అతను కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని తెరిచాడు. "నాకు మాత్రం ఆడుతోందనుకుంటున్నావా? ఆ హాస్టలువాళ్లు గంటకో ఫోను. బ్యాంకువాళ్లు ఇంకోవైపు. ఒక్క క్షణం ఊపిరి తీసుకోనిస్తున్నారా? నేనెక్కడ స్విచ్చి దించుకోను, చెప్పు?"

మేస్త్రీ సానుభూతిగా తలూపాడు.

"నువ్వు మారావనుకున్నాను. పొరపాటు నాదే. పెద్దరికం అందరికీ పడదు" అన్నాడు యజమాని. "తీసేసేవాణ్ణే గానీ, పాతదానివి. రేపటినుంచి గేటు పక్క వరండాలో కూర్చుని దిండ్ల మూతులు కుట్టుకో. ఏకుడు గది ఈమె చూసుకుంటుంది. ఏమ్మా, చూసుకుంటావుగా?"

"చూసుకుంటానండీ" అంది కొత్తామె.

బయటికొచ్చి, గుమ్మం దాటి, కుళాయి దాకా వచ్చాక గానీ రేడియోకు తట్టలేదు. నెలల తరబడి ఊపిరాడట్లేదని మొత్తుకున్నా ఇవ్వని చోటును, శిక్షగా ఇచ్చారు.

వరండాలో పని తేలిక. నింపిన దిండు మూతి మడిచి, దబ్బనంతో కుట్టి, దారం పంటితో తెంపాలి. గేటు తీసినప్పుడల్లా వీధిలోంచి గాలి వస్తుంది. పొగ, మసాలా, తడిమట్టి, ఏ వాసనైనా ఆమెకు కమ్మగానే ఉంది. మొదట మెట్లు తేలికపడ్డాయి. రెండు మలుపులు ఆగకుండా ఎక్కి, మూడోదాని దగ్గర చెప్పు పట్టీ నిజంగానే ఊడితే సరిచేసుకుంది. తర్వాత వాక్యాలు పొడవయ్యాయి. ఒకరోజు అత్త కథ మధ్యలో దూరి, ముగింపు చెప్పేసింది.

"అయ్యో, మళ్లీ మొదలైందిరా" అంది అత్త కొడుకుతో. అతను నిట్టూర్చాడు. అయినా, పడుకునే ముందు, "నువ్వు మాట్లాడకపోతే ఇల్లు ఏదోలా ఉండేదిలే" అన్నాడు అటు తిరిగి.

వరండాలో కూడా అడగడం మొదలుపెట్టారు. "ఏదీ, ఒకటి వదులు రేడియో. నవ్వి ఎన్నాళ్లయిందో." ఆమెకు నోటిదాకా వచ్చేవి, బోలెడు వచ్చేవి. ఎత్తుకోబోయేసరికి గోడ అవతలినుంచి దగ్గు వినపడేది. మిషను రొదలో దగ్గు వినపడదని వాళ్లంటారు. వినేవాళ్లకు వినపడుతుంది. మొదట విడివిడిగా వచ్చేది. ఇప్పుడు గొలుసుకట్టుగా వస్తోంది. చివర్న, గిన్నె అడుగు గీకినట్టు, గాలి లోపలికి లాక్కునే చప్పుడు. ఆ చప్పుడు దగ్గర రేడియో దబ్బనం ఆగిపోయేది.

భోజనం గంటకు కొత్తామె బయటికొస్తుంది. రెప్పలు తెల్లగా, జుట్టు తెల్లగా, ఉన్నట్టుండి ముసలిదైపోయిన మనిషిలా ఉంటుంది. వరండా వైపు రాదు. కుళాయి అవతల, గోడ నీడలో, అందరికీ వీపు పెట్టి డబ్బా విప్పుకుంటుంది. ఒకరోజు రేడియో తన డబ్బా పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంది. ఆమె ముడుచుకుపోయింది. రేడియో ఏమీ అనకుండా, ఆమె కనుబొమలో ఇరుక్కున్న దూది పోగును గోటితో తీసి ఊదేసింది.

"ఆ రోజు... నిజంగానే... అన్నానక్కా."

"తెలుసు."

"ఇంట్లో ఆయన..."

"తెలుసులే. తిను."

కొత్తామె ముద్ద కలిపింది, నోటిదాకా తెచ్చింది, మళ్లీ డబ్బాలో పెట్టేసింది. తినాలంటే నోరు మూయాలి. నోరు మూస్తే గాలి చాలదు. ఆ లెక్క రేడియోకు బాగా తెలిసిందే. ముద్దకీ ముద్దకీ మధ్య తను కూడా అలాగే ఆగేది.

"ఎవరికి చెప్పమంటావక్కా?" అంది కొత్తామె. అడిగినట్టు లేదు. జవాబు ఉంటుందన్న ఆశ ఆ గొంతులో లేదు.

మేస్త్రీ, యజమాని, మందుల షాపతను. రేడియో మనసులో ఒక్కొక్కర్నీ పిలిచి చూసింది. మాటలకు ఇప్పుడు కొదవ లేదు. వినేవాళ్లే తట్టలేదు.

గంట కొట్టారు. కొత్తామె డబ్బా మూసి లేవబోయింది. రేడియో ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, తను లేచింది. వెళ్లి మేస్త్రీ ముందు నిలబడింది.

"మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఏకుడు గదిలో నేనుంటాను. పొద్దునంతా ఆమె ఉంటుంది. నేను లేనప్పుడు నా దిండ్లు ఆమె కుడుతుంది. మీ దూది మీకొస్తుంది, మీ దిండ్లు మీకొస్తాయి. ఏమంటారు?"

ఒక్క గుక్కలో అంత పెద్ద మాట ఆమె నోట విని చాన్నాళ్లయింది. మేస్త్రీ అనుమానంగా చూశాడు. "ఏం, వరండాలో తోచట్లేదా? మళ్లీ ఆ పెద్దరికం మీద కన్నేశావా?"

"అలాగే అనుకోండి."

"మీరు మీరు చూసుకోండి. నాకు దూది ఆగకూడదు, అంతే. స్విచ్చి మీద చెయ్యి పడిందో..."

"పడదు."

తిరిగొచ్చి, గుడ్డ తడిపి పిండి, రెండు మడతలు వేసింది. కొత్తామె గోడకు వీపు ఆనించి, నమ్మాలో వద్దో తెలీనట్టు చూస్తోంది. రేడియో తన దబ్బనం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. లోపలికి వెళ్తే మాటలుండవు. అందుకని గోనెపట్టా ముందు నిలబడి, చెప్పవలసినవన్నీ అక్కడే చెప్పేసింది.

"గేటు వైపు మొహం పెట్టి కూర్చో, వీపు కాదు. దారం పొడుగ్గా ఎక్కించకు, చిక్కుపడి ప్రాణం తీస్తుంది. ఆ చివర కూర్చున్నావిడ తన దిండ్లు నీ మీదకి తోస్తుంది, తొయ్యనివ్వకు. నన్నడిగితే రేడియో చచ్చిందని చెప్పు, సాయంత్రం లేస్తుందని చెప్పు. నవ్వుతారు, నవ్వనీ. నువ్వు మాత్రం నవ్వకు, ఊరికే కూర్చుని గాలి పీల్చు. సెలవు మర్నాడు పొద్దున నేనే వెళ్తా, ఆ పూట నీకు పడదు. నాకూ పడదనుకో, నాకు అలవాటైన తాడే. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను... పోనీలే, రేపు."

వరండాలో ఎవరో చప్పట్లు కొట్టి, "వచ్చింది, స్టేషనొచ్చింది!" అని అరిచారు.

ముడి మెడ వెనక బిగించుకుంది. నీళ్లలోకి దూకబోయే మనిషిలా ఛాతీ నిండా గాలి పట్టుకుని, గోనెపట్టా ఎత్తి లోపలికి వెళ్లింది.